వ్యాన్ వెనక రెండు చరుపులు

మార్చి 9, ఆదివారం. పోర్ట్ మెక్‌డొనెల్.

ఈ ప్రయాణాల పుస్తకం ముప్పై ఏళ్లుగా నోరీన్ రాసింది. ఎక్కడ ఆగాం, గాలి ఎటు కొట్టింది, ఏం వండుకున్నాం. ఈసారి ఇంటి తాళం వేస్తూ పుస్తకం నా చేతిలో పెట్టింది. నువ్వు రాయి, నేను కిటికీలోంచి చూస్తూ కూర్చుంటా అంది. నాకు రాత ఏం వచ్చని అన్నాను. పేరు రాయడం వచ్చుగా, అక్కణ్ణించి మొదలెట్టు అంది.

సరే. నా పేరు క్లెమ్. డెబ్బై ఏడు. పదమూడో ఏట బడి మానేసి గొర్రెల షెడ్డులో పడ్డాను. నాకు అక్షరాలు నేర్పింది ఉన్ని బేళ్లు. బేలు మీద నల్ల రంగుతో కొట్టే పెద్దక్షరాలు చూసి నేర్చుకున్నాను. అందుకే నా రాత లావు. రోజుకి రెండు వందల గొర్రెల ఉన్ని దించిన చెయ్యి ఇది. పెన్ను దీనికి గడ్డిపోచ.

నోరీన్ నా భార్య. డెబ్బై మూడు. కాపురానికి వచ్చిన కొత్తలో నల్లార్బర్ చూపిస్తానని మాటిచ్చాను. అక్కడ భూమి కత్తితో కోసినట్టు తెగి సముద్రంలోకి దిగుతుంది. బయల్దేరిన ప్రతిసారీ దారిలో ఏదో ఒక షెడ్డు నుంచి కబురొచ్చేది, మనిషి కావాలని. బండి వెనక్కి తిప్పేవాణ్ని. ఇప్పుడు కబుర్లు రావు. ఈసారి అంచు దాకా పోవాల్సిందే.

ఎవరూ చదవరు కాబట్టి ఇంకో సంగతి. నా ఎడమ కంట్లో చాన్నాళ్లుగా, రోజూ పొద్దున లేచిన దగ్గర్నించి పొగమంచే. నా వయసు వాళ్లకి ఏటా డాక్టరు సంతకం పెట్టాల్సిన లైసెన్సు కాగితం ఒకటుంటుంది. అది మేం వండుకుని పడుకునే ఈ వ్యాన్ సొరుగులో పడుంది. నెలాఖరు దాకా గడువు. నోరీన్‌కి చెప్పలేదు. అంచు చూపించాక చెప్తాను. చెప్తే ఈ పూటే ఇంటికి పద అంటుంది. ఈ వ్యాన్ గేర్లది, మొండిది, నేను తప్ప ఇంకొకరు ముట్టుకున్నది లేదు. ఆమె ఇంటి దగ్గర నడిపేది గేర్లు లేని చిన్న కారు. అది కారు కాదు, కుట్టుమిషను.


మార్చి 11, మంగళవారం.

ఈరోజు ఒళ్లు మండింది.

ఇలాంటి వ్యాన్లు రాత్రికి ఆగే పార్కులో, మా చోటులోకి వ్యాన్‌ని వెనక్కి పెట్టడం మా ఇద్దరి పని. నేను స్టీరింగ్ దగ్గర, ఆమె వెనక. అరుపులుండవు. కుడి చెయ్యి చాస్తే అటు. వేళ్లు ఊపితే ఇంకొంచెం. పిడికిళ్లు అడ్డంగా పెడితే ఆగు. సరిగ్గా కుదిరాక వ్యాన్ వెనక అరచేత్తో రెండు చరుపులు చరుస్తుంది. ఆ రెండు చరుపులు వింటేగానీ నేను తాళం తీయను. ముప్పై ఏళ్ల అలవాటు. మిగతా జంటలు వెనక్కి పెట్టేటప్పుడు విడాకుల దాకా పోతారు. మమ్మల్ని చూసి నేర్చుకోమని పార్కువాళ్లే చెప్తుంటారు.

మధ్యాహ్నం పక్క చోటుకి ఒక తెల్ల వ్యాన్ వచ్చింది. ఒక్కడే. పొడుగు, సన్నం, ఇస్త్రీ చొక్కా. వెనక్కి పెట్టాలని నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ ఊగాడు. నేను కుర్చీలో కూర్చుని చూస్తున్నాను. తమాషాగా ఉంది. వెనకున్న నీళ్ల పంపు మీదికి పోతాడేమో, పోతే బాగుండు అనుకుంటున్నాను.

నోరీన్ లేచి వెళ్లింది. అతని వెనక నిలబడింది. కుడి చెయ్యి చాచింది. వేళ్లు ఊపింది. నా చేతులవి. నా సైగలవి. అతను పాలలో చెంచాలా లోపలికి జారాడు. ఆమె పిడికిళ్లు అడ్డం పెట్టింది. ఆ తర్వాత చరవదులే అనుకున్నాను.

రెండుసార్లు చరిచింది.

అతని పేరు లిండ్సే. మాస్టారు. నలభై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పాడట. మాస్టారన్నప్పుడే సగం చచ్చాను. దిగి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. మా ఆవిడ ఐరిస్ పోయి మూడేళ్లమ్మా, అప్పట్నించి వెనక చూసే మనిషి లేక రెండు లైట్లు పగలగొట్టుకున్నా అన్నాడు. నోరీన్ అయ్యో అంది. నేను చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు కూడా అంత మెత్తగా అయ్యో అనలేదు.


అదే రోజు, సాయంత్రం ఆరు.

ఐదింటికి అందరూ ఎవరి కుర్చీ వాళ్లు, ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకుని గడ్డి మీద కూర్చుంటారు. పార్కుల్లో ఇది ఆచారం. ఒకరి కుర్చీలో ఇంకొకరు కూర్చోరు. మంచాల దగ్గర పాటించని మర్యాద కూడా కుర్చీల దగ్గర పాటిస్తారు.

మాస్టారు రెండు కుర్చీలు తెచ్చాడు. ఒకటి తనది, ఒకటి చచ్చిపోయిన భార్యది. అలవాటైపోయింది గురూ, ఒక్కటే తీస్తే చెయ్యి ఊరుకోదు అన్నాడు నాతో. నేను ఎవరికీ గురువుని కాను.

నోరీన్ కుర్చీకి పట్టీ తెగి నెలయింది. బాగుచేస్తానన్నాను, చేయలేదు. ఆమె ఐరిస్ కుర్చీలో కూర్చుంది. బీరు చేదుగా ఉంది.


మార్చి 12.

ఆమె రోజూ పేపర్లో గళ్ల నుడికట్టు నింపుతుంది. రోజూ నన్ను ఒక మాట అడుగుతుంది. నేను తెలియదంటాను. ఈరోజు నన్ను అడగలేదు.


మార్చి 14, శుక్రవారం. బీచ్‌పోర్ట్.

తెల్లారకుండానే బయల్దేరదీశాను. ఎందుకింత తొందర అంది. చేపలు నాకోసం కాచుకుని కూర్చోవు అన్నాను. మాస్టారి వ్యాన్ కిటికీ తెరలు ఇంకా మూసి ఉన్నాయి. దాటుతుంటే హారన్ కొడదామనిపించింది. కొట్టలేదు. లేస్తాడని.

జెట్టీ మీద మధ్యాహ్నం దాకా గాలం వేశాను. ఒక్క స్క్విడ్ పడింది. నా చొక్కా మీద సిరా చిమ్మి మరీ చచ్చింది. పార్కుకి తిరిగొచ్చేసరికి మా పక్కన తెల్ల వ్యాన్. సూటిగా, గీత గీసినట్టు పెట్టి ఉంది. ఎవరు పెట్టించారో అడగక్కర్లేదు.

ఇక్కడికొస్తామని ఇతనికెలా తెలిసింది అన్నాను. నేనే చెప్పా అంది నోరీన్. ఉల్లిపాయ తరుగుతూ చెప్పింది. తల కూడా ఎత్తలేదు.


మార్చి 15.

పొద్దున్నే నడకకి పోతున్నానంది. రెండు గంటలు. నీలం స్కార్ఫ్ కట్టుకుంది. ఆ స్కార్ఫ్ చెల్లెలి కూతురి పెళ్లికి కొన్నది.

తెల్ల వ్యాన్ కూడా ఆ రెండు గంటలూ లేదు.


మార్చి 16, ఆదివారం.

ఇవాళ కూడా అంతే. రెండు గంటలు. తిరిగొచ్చాక టీ కప్పు అందుకుంటుంటే ఆమె అరచేతులు చూశాను. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. బొటనవేలి కింద పొక్కు. నేను షెడ్డులో చేరిన మొదటి వారం నా చేతులు అలాగే ఉండేవి. నడకకి పోతే కాళ్లు కందాలి. చేతులెందుకు కందాయి? గుడ్డు వేయించుకుంటూ గంట సేపు అదే ఆలోచించాను. గుడ్డు మాడింది.

అడగొచ్చు. యాభై ఏళ్ల మొగుణ్ని. కానీ అడిగితే చెప్తుంది. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. అదే నా భయం.

అతను రెండు కళ్లతో చూడగలడు. మాటలన్నీ తెలుసు. గ్లాసు కింద పెట్టేటప్పుడు చప్పుడు కూడా చేయడు. నేనెంత, గొర్రెల వాసన వేసే ముసలాణ్ని. ఆ వాసన పోయి పదిహేనేళ్లయిందని ఆమె అంటుంది. నాకు వస్తూనే ఉంది.


మార్చి 17.

బేకరీ ముందు వ్యాన్ తిప్పుతుంటే ఎడమ పక్క గీసుకుంది. ఇనప స్తంభం. అక్కడెవడు పాతాడో. నోరీన్ దిగి చూసింది. గీతని వేలితో తడిమింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. మాంసం రొట్టెలు రెండు కొనుక్కొచ్చి, వేడిగా ఉన్నాయి, నోరు కాల్చుకోకు అంది.

తిడితే బాగుండేది.


మార్చి 18, మంగళవారం. రోబ్.

తెల్ల వ్యాన్ రోబ్‌కీ వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది.

మా ఎదుటి గడ్డిలో చిన్న గుడారం వేసుకుని ఒక ఫ్రెంచి పిల్ల ఉంది. పేరు సోలెన్. ఆమె కంటే ఆమె వీపు సంచే పెద్దది. కూనావారా తోటల్లో ద్రాక్ష కోసి, చేతిలో నాలుగు డబ్బులు పడగానే సంచి తగిలించుకుని సముద్రం వెంట పడింది. బీచ్‌పోర్ట్ నుంచి కాలినడకన కొంత, ఎక్కించుకున్న వాళ్ల బళ్లలో కొంత వచ్చింది. నన్ను తాతా అంటుంది. నా మనవలు కూడా పేరు పెట్టి పిలుస్తారు. సరే, బాగానే ఉంది.

టీ ఇచ్చాను. తాగుతూ అంది కదా, తాతా, మామ్మ బండి భలే నడుపుతుంది, మొన్న పొద్దున బీచ్‌పోర్ట్ సరస్సు రోడ్డులో నన్ను దాటి పోయింది అంది. ఏ మామ్మ అన్నాను. మీ ఇంటి మామ్మే, తెల్ల వ్యాన్‌లో, పక్కన పొడుగు తాత, నన్ను చూసి స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తింది, అచ్చం ఇందాక పార్కులోకి వస్తూ నువ్వెత్తినట్టే అంది.

మా వైపు రోడ్ల మీద ఎదురొచ్చిన వాళ్లకి ఒక వేలు ఎత్తుతాం. చెయ్యంతా ఊపేది పట్నం వాళ్లు. నోరీన్ పక్క సీట్లో కూర్చుని యాభై ఏళ్లుగా నా వేలు చూస్తోంది. ఆ వేలు పట్టుకెళ్లి అతని బండిలో ఎత్తింది.

తను నడుపుతోంది. అతను పక్కన కూర్చున్నాడు. అంటే అతను తన బండి ఆమె చేతికిచ్చాడు. నేను యాభై ఏళ్లలో ఇవ్వలేదు.

నీలం స్కార్ఫ్ కట్టుకుని ఆ బండిలో ఆమె ఎక్కడిదాకా పోతుంది? మా వ్యాన్ నేను నడపలేనని తెలిసిన రోజున? అంచు దాకా ఆమెని తీసుకుపోయేది అతనేనా?

ఐదింటి కుర్చీలకి వెళ్లలేదు. తలనొప్పి అన్నాను. తెర సందులోంచి చూశాను. ఐరిస్ కుర్చీలో నవ్వుతోంది.


మార్చి 19, బుధవారం.

ఈరోజు మొత్తం రాయాలి.

పొద్దున టీ తాగుతుంటే మాస్టారు వచ్చాడు. లాంగ్ బీచ్ మీద ఇసకలో బళ్లు పోతున్నాయి గురూ, పోతే దిగబడకుండా టైర్లలో గాలి సగం తీసేయండి, నీళ్ల అంచున గట్టి ఇసక చూసుకుని పోండి, ఆటు పోటు తిరిగే వేళయింది అన్నాడు. నువ్వు సుద్దముక్క పట్టుకోకముందే నేను ఇసకలో గొర్రెల లారీ తోలాను అన్నాను. అందుకే అడక్కుండా చెప్పా, అడిగితే చెప్పనిచ్చేవాడివి కాదుగా అని నవ్వాడు. నోరీన్ కూడా నవ్వింది. ఆ నవ్వే నన్ను తోలుకుపోయింది.

ఎక్కు అన్నాను నోరీన్‌ని. గాలి తీయవా అంది. ఎక్కు అన్నాను.

బీచ్ మీదికి దిగాం. కుడి పక్క గుట్టలు, ఎడమ పక్క సముద్రం. మొదటి మైలు బల్లలా ఉంది. అప్పుడన్నాను, మాస్టారి బండిలో షికార్లు బాగున్నాయా అని. నీకెవరు చెప్పారు అంది. కాదు అనలేదు చూడండి. నేను యాక్సిలేటర్ తొక్కాను. క్లెమ్, ముందు రోడ్డు చూడు అంది. రోడ్డేది, ఇసకేగా అన్నాను. సరే, ఇసకే చూడు, నీ ఎడమ పక్కకి నీళ్లొచ్చేశాయి అంది.

నాకు కనపడలేదు. నిజం రాస్తున్నాను. ఎడమ పక్క అంతా తెల్లగా ఉంది. చప్పుడు విన్నాను గానీ చూడలేదు. అల చక్రాల కింద కొట్టింది. కుడికి లాగాను. మెత్తటి ఇసకలోకి పోయాం. అక్కడ ఆగాలి. ఆగి గాలి తీయాలి. పిల్లవాడికి కూడా తెలుసు. నేను ఇంకా తొక్కాను. వెనక చక్రాలు కుక్క గొయ్యి తవ్వినట్టు తవ్వుకుని ఇరుసు దాకా దిగిపోయాయి. ఇంజను ఏడుస్తోంది. తొక్కకు అంది. తొక్కాను. తొక్కకయ్యా మహానుభావా అని తాళం లాగేసింది.

పోటు తిరిగింది. ఒక్కో అల ఒక్కో అడుగు ముందుకొస్తోంది. మా ఇల్లు అది. మంచం, పొయ్యి, ఆమె మందులు, అన్నీ అందులో. నేను చేతులతో ఇసక తోడుతున్నాను. ఆమె కూడా మోకాళ్ల మీద కూర్చుని తోడుతోంది.

తెల్ల వ్యాన్ వచ్చింది. గట్టి ఇసక మీద దూరంగా ఆపాడు. సోలెన్ పిల్ల పారతో దూకింది. మాస్టారు చెప్పాను కదా అని కూడా అనలేదు. ఇస్త్రీ ప్యాంటుతో తడిలో పడుకుని నాలుగు టైర్లలో గాలి తీశాడు. సోలెన్ తవ్వింది. వ్యాన్‌లో కాళ్ల కింద వేసే పట్టాలు, ఆఖరికి మంచం మీది దుప్పటి కూడా చక్రాల కింద పరిచాం.

ఇప్పుడు ఎవరైనా నడపాలి, మిగతావాళ్లు తొయ్యాలి. నేను తలుపు దగ్గరికి వెళ్లాను. నోరీన్ అడ్డం నిలబడింది. తాళం ఇంకా ఆమె పిడికిట్లోనే ఉంది. నీ భుజాలు రోజుకి రెండు వందల గొర్రెల్ని ఎత్తి పడేసిన భుజాలు, ఆ పిల్లతో నేనా తొయ్యాల్సింది, నువ్వు వెనక్కి పో అంది. ఇది గేర్ల బండే, నీకు రాదు అన్నాను.

వచ్చు అంది.

మాస్టారు ఇసక దులుపుకుంటూ సముద్రం కేసి చూస్తున్నాడు.

వెనక్కి పోయాను. భుజం ఆనించాను. ఆమె రెండో గేరులో, తొక్కకుండా, పాలు పొంగకుండా మంట తగ్గించినట్టు, మెల్లగా వదిలింది. చక్రం ఊరికే తిరగలేదు, ఇసకని పట్టుకుంది. వ్యాన్ గొయ్యిలోంచి లేచింది. నా భుజం కింద నుంచి జారిపోయింది. నేను మొహం మీద పడ్డాను. తల ఎత్తేసరికి వ్యాన్ గట్టి ఇసక మీదికెక్కి, గేరు మార్చుకుని, సూటిగా పోతోంది. మూడో గేరు. చప్పుడు రాలేదు. నేను మారిస్తే వస్తుంది.

కిటికీలోంచి ఒక వేలు ఎత్తింది.

సోలెన్ చప్పట్లు కొట్టింది. నేను తడిలో మోకాళ్ల మీద ఉన్నాను. వ్యాన్ దక్కిందని సంతోషం ముందు రావాలి కదా. రాలేదు. ఆ మూడో గేరు చూసి కడుపు మండింది.


మార్చి 20.

పొద్దున ఆమే మాట మొదలెట్టింది. మొదటి రోజే లిండ్సేని గేర్లు నేర్పమని అడిగా, గేరు కర్ర లాగి లాగి చేతులు పొక్కించుకున్నా, నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నా, తిట్టాలనుకుంటే నన్ను తిట్టు, అతన్ని కాదు అంది.

నన్ను అడగొచ్చుగా అన్నాను.

అడిగితే నేర్పేవాడివా అంది.

గ్లాసు కడిగాను. రెండుసార్లు కడిగాను. నేర్పేవాణ్ని కాదు.

ఎప్పట్నించి తెలుసు అన్నాను. కన్ను గురించి అని చెప్పక్కర్లేదు. ఏడాదైంది, వెనక్కి పెట్టేటప్పుడు నేను ఎడమ అద్దంలో నిలబడడం మానేసి ఏడాదైంది, నీకు తెలియలేదా అంది. నిజమే. ఏడాదిగా కుడి అద్దంలోనే కనపడుతోంది. అయినా సూటిగా కుదరడం నా గొప్పే అనుకున్నాను.

ఎంత పోయిందో తెలుసుకోడానికే నీకు ఈ పుస్తకం ఇచ్చా అంది. రోజు రోజుకీ అక్షరాలు లావవుతున్నాయి, గీత దిగిపోతోంది అంది. చదివావా అన్నాను.

చదవలేదు. చూశాను. అంతే అంది.

ఆమె అబద్ధం చెప్పదు. ముందే రాశాను.

ఆ తర్వాత ఇంకో మాట అంది. నువ్వు వెనక్కి తిప్పిన ప్రతిసారీ నోరు మూసుకుని పక్కన కూర్చున్నా క్లెమ్, ఈసారి కన్ను పోయిందని తిప్పుతావు, అది ఒప్పుకోను, నీతో పోతా, నీ మీద ఆధారపడి మాత్రం పోను అంది.

ఆమె కుర్చీ పట్టీ కుట్టాను. దబ్బనంతో, మూడు వరసలు. సూదిలో దారం మాత్రం ఆమే ఎక్కించింది.


మార్చి 22, శనివారం.

మాస్టారు వెళ్లిపోయాడు. మౌంట్ గాంబియర్‌లో కూతురి దగ్గరికి. పొద్దున వచ్చి చెయ్యి చాచాడు. పట్టుకున్నాను. అతని అరచెయ్యి మెత్తగా ఉంది, అయినా పట్టు గట్టిది. నీ భార్య నాకు ఒక్క మంచి వారం ఇచ్చింది గురూ, పక్క సీట్లో కూర్చుని తిట్లు తినడం ఎంత హాయో మర్చిపోయా అన్నాడు. నాకు ఇప్పటికీ అతనంటే పడదు. ఈ ముక్క మాత్రం నచ్చింది.

వెనక స్తంభం ఉంది, చూసుకోకుండా తిప్పుతున్నాడు. నేను లేచి వెళ్లి అతని వెనక నిలబడ్డాను. చెయ్యి చాచాను. ఆగమన్నాను.

చరవలేదు. అది అతనికివ్వను.


మార్చి 27. పోర్ట్ ఆగస్టా దాటాక.

ఐదు రోజులుగా పక్క సీట్లో ఉన్నాను. ఇక్కణ్ణించి ఇన్ని చెట్లు కనపడతాయని ఎవరూ చెప్పలేదు. ఎదురొచ్చే ప్రతి లారీవాడూ ఆమెకి వేలు ఎత్తుతున్నాడు. ఆమె ఎత్తుతోంది. ఒక్కోడికీ ఒక్కోసారి నా కడుపు మండుతోంది. ఒకడికి నేనూ పక్కనుంచి ఎత్తాను. వాడు చూడలేదు.

గళ్ల నుడికట్టు నా ఒళ్లో పెట్టింది. అక్షరాలు చిన్నవి, చదవలేనన్నాను. నేను చదువుతా, నువ్వు చెప్పు అంది. బండి నడుపుతూ ఎలా చదువుతావే అన్నాను. అదీ నిజమే అంది. మడిచి సొరుగులో పెట్టాం. లైసెన్సు కాగితం మీద.


ఏప్రిల్ 2. నల్లార్బర్ అంచు.

సంతకం గడువు దాటిపోయింది. కాగితం సొరుగులోనే ఉంది.

వెనక తలుపు తీస్తే మంచం మీంచి సముద్రం కనపడాలంది. అంటే వెనక్కి పెట్టాలి. నేను దిగి వెనక నిలబడ్డాను. నా ముందు వ్యాన్. నా వెనక నలభై అడుగుల నేల, తర్వాత ఏమీ లేదు. గాలి కింద నుంచి పైకి కొడుతోంది. మంచి కన్ను ఆమె వైపు తిప్పుకున్నాను.

కుడి చెయ్యి చాచాను. వేళ్లు ఊపాను. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆమె అద్దంలో నన్నే చూస్తూ వచ్చింది.

పిడికిళ్లు అడ్డం పెట్టాను. ఆగింది.

ఇంజను ఆపలేదు. ఎందుకు ఆపడం లేదా అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది.

రెండుసార్లు చరిచాను.